మోడు దాటించిన మనిషి

పోయిన వారం కథ ఆగేసరికి మనం పడవ కిందనుంచి బయటికి వచ్చి నిలబడ్డాం. బెల్‌బర్డ్ అనే హౌస్‌బోటు మా యార్డు పట్టాల మీద, నీళ్ళకి కాస్త పైన, ఏటవాలుగా బండెక్కి ఉంది. ఆ బండిని జారిపోకుండా పట్టుకున్న ఉక్కు తాడులో పోగులు తెగి ముళ్ళలా పైకి లేచాయి. నేను చూశాను. చూసి, పడవ అడుగు గీకుతున్న వాళ్ళందర్నీ బయటికి రమ్మని అరిచి, పని ఆపించాను. యార్డు యజమాని డెస్ ట్రెగెంజా, అంటే మా అక్క లినెట్ మొగుడు, అందరి ముందూ నన్ను ఏమీ అనలేదు. "రేపు మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. నీ హద్దు ఎక్కడిదాకానో చూపిస్తాడు" అని మాత్రం అన్నాడు.

ఆ రేపు రానే వచ్చింది. ఉత్తరపు గాలిని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. మా ఊరు ఎచూకాలో, ఎండలు మొదలయ్యే నవంబరు నెలలో ఆ గాలి మొదలైతే కుక్కలకి కూడా నిలకడ ఉండదు. ఈగలు కంటి తడి కోసం ఎగబడతాయి, చెట్ల మీద తెల్ల చిలకలు పొద్దున్నుంచీ పోట్లాడుకుంటాయి, ఇంట్లో తలుపులు వాటంతట అవే కొట్టుకుంటాయి. నేను పడవల్ని పైకి లాగే వించ్ ఉన్న షెడ్డు నుంచి నది దాకా, నది నుంచి షెడ్డు దాకా తిరుగుతూనే ఉన్నాను. టీ పోసుకుని రెండు గుక్కలు తాగి ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

"ఒకచోట కూచో తల్లీ. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు క్లారీ బాబాయ్. ఆయన మా వించ్ నడిపేవాడు, మా నాన్న స్నేహితుడు. బ్రేకు బిగించే ఉంది. అయినా నిన్నటి నుంచీ ఆయన దాని మీదనుంచి చెయ్యి తీయలేదు.

"నువ్వు ఆ బ్రేకు వదలవు, నేను ఈ తిరుగుడు వదలను. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం."

నాకు ఓపిక తక్కువని ఊరంతా అంటారు. అబద్ధం. నాకు అసలు ఓపిక లేదు. ఉన్న కాస్తా పోయిన శీతాకాలం మాతో పనిచేసే తెవితా కాలు నలిగిన రోజున పోయింది. ఆ రోజు నేను జ్వరంతో ఇంట్లో పడి ఉన్నాను. మళ్ళీ పనిలోకి వచ్చేసరికి తెవితా ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవరూ నోరు విప్పడం లేదు. ఆ నెలలోనే మా వాళ్ళంతా చేతులెత్తి నన్ను సేఫ్టీ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. నోరున్నది నాకొక్కదానికే అని వాళ్ళ నమ్మకం.

పెద్దమనిషి పేరు ఫెనెల్, బావ పిలిపించుకున్న చట్టం సలహాదారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత, నది బురద ఎరగని బూట్లు. మా బావ ఆయనకి బేకరీ నుంచి తెప్పించిన మీట్‌పై, అంటే మాంసం కూరిన రొట్టె, ఇచ్చి, సాసు కూడా తనే పోసి, పక్కనే నడుచుకుంటూ తీసుకొచ్చాడు. ఫెనెల్ ఆ మీట్‌పై తింటూనే మా గట్టు చివర ఉన్న రెడ్ గమ్ చెట్టు మోడు దగ్గర ఆగాడు. షెడ్డు కాంక్రీటు నేల అక్కడితో అయిపోతుంది. అక్కడి నుంచి వాలు మొదలవుతుంది, ఆ వాలు మీద పట్టాలు నదిలోకి దిగుతాయి.

"మిస్ పాస్కో మీరేనా?"

"రోవీనా. మా వాళ్ళకి రో. మిస్ అంటే ఇక్కడ ఎవరూ పలకరు."

"ఈ విక్టోరియా రాష్ట్రం చట్టం కింద మీరు ఎన్నికైన ప్రతినిధి. ప్రమాదం ఉందనుకుంటే పని ఆపించే హక్కు మీకుంది. నేను కాదనను."

"కాదంటే మాత్రం ఊరుకుంటానా?"

వెనకాల మానిక్స్ అన్నదమ్ములిద్దరూ కిసుక్కున నవ్వారు. పడవ అడుగు గీకేది వాళ్ళే. బావ అటు తిరిగి చూసేసరికి నవ్వు మింగేశారు.

ఫెనెల్‌కి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. బూటు కాలు ఎత్తి మోడు మీద పెట్టాడు. "కానీ విక్టోరియా ఇక్కడితో అయిపోయింది. దక్షిణపు గట్టు పైఅంచే సరిహద్దు. ఈ వాలు, ఈ పట్టాలు, ఆ పడవ, ఆ నీళ్ళు, అన్నీ న్యూ సౌత్ వేల్స్‌వి. మీరు నిన్న పని ఆపించింది పక్క రాష్ట్రంలో."

ఈ సంగతి మాకు ఒకరు చెప్పాలా? నది మొత్తం అవతలి వాళ్ళది, మాకు మిగిలింది గట్టు. మా గట్టు మీద కూర్చుని, మా బీరు తాగుతూ గాలం వేసినా సిడ్నీలో ఉన్న వాళ్ళ ప్రభుత్వం లైసెన్సే కావాలి. కరోనా రోజుల్లో వంతెన మూసేస్తే అవతలి మోమాలో ఉన్న మా పిన్ని పుట్టినరోజు కేకుని ఈ ఒడ్డు నుంచి చూసి చప్పట్లు కొట్టాం. ఇన్ని తెలుసు. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గీత మా బుర్రల్లో ఎప్పుడూ పడలేదు. షెడ్డు, పట్టాలు, పడవ, అంతా కలిపి యార్డు. అంతే.

"అవతలి చట్టంలో ప్రతినిధులు లేరా?" అన్నాను.

"ఉన్నారు. కాకపోతే అక్కడ శిక్షణ పూర్తి చేసిన ప్రతినిధి మాత్రమే పని ఆపించగలడు. మీరు శిక్షణ పూర్తి చేశారా?"

నేను బావ వైపు చూశాను. బావ నది వైపు చూశాడు. శిక్షణకి పంపమని నేను అడగని నెల లేదు. చలి పోనీ అన్నాడు, బడి సెలవులు కానీ అన్నాడు, సీజన్ కానీ అన్నాడు. దారికి అడ్డంగా పడుకున్నవాడే నువ్వెందుకు రాలేదని అడిగించినట్టుంది.

"అడిగాను. పంపలేదు."

"అది వేరే సంగతి" అన్నాడు ఫెనెల్, వేలికి అంటిన సాసు రుమాలుతో తుడుచుకుంటూ. "నిన్నటి మీ ఆదేశం చెల్లదు. డెస్ పని మొదలుపెట్టుకోవచ్చు."

బావ చప్పట్లు చరిచాడు. "విన్నారుగా. మానిక్స్, గీకుడు రేకులు అందుకోండి. సెలవులకి ఈ పడవ ఎక్కాల్సిన వాళ్ళు ఫోన్లు చేసి నా ప్రాణం తోడేస్తున్నారు. నీళ్ళలోకి దింపాలి, పదండి."

పెద్ద మానిక్స్ నా పక్కనుంచి వెళ్తూ "ఏమనుకోకు రో" అన్నాడు. వంగి గీకుడు రేకు తీసుకున్నాడు. తమ్ముడు కూడా తీసుకున్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. సిగ్గు కంటే ఎక్కువగా భయం వేసింది. చట్టం ఎవరిదైతేనేం, తాడు తెగేటప్పుడు ఎవర్నీ అడిగి తెగదు కదా. ఇంకాసేపట్లో వీళ్ళిద్దరూ పడవ కింద వెల్లకిలా పడుకుంటారు. వాళ్ళ మీద అంత ఇనుము, దాన్ని పట్టుకుని ఆ కుళ్ళు తాడు. ఆ ఫెనెల్ కాళ్ళ మీద పడి బతిమాలుదామా అని కూడా అనిపించింది. అంతలో ఆయన బూటు కింద ఉన్న మోడు మీద నా చూపు పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒక్క మాట ఫెనెల్ గారూ. ఈ పట్టాలు ఎప్పటినుంచి అవతలి రాష్ట్రంలో ఉన్నాయి?"

"ఎప్పటినుంచేమిటి? మీ ముత్తాతలు పుట్టకముందు నుంచీ."

"పోయిన శీతాకాలం కూడా?"

"పోయిన శీతాకాలం కూడా" అన్నాడు, చంటిపిల్లకి చెప్పినట్టు నవ్వుతూ.

"అయితే తెవితా కాలు నలిగింది న్యూ సౌత్ వేల్స్‌లోనే కదా."

బావకి తేలు కుట్టింది. దొంగకి కుట్టినట్టే కుట్టింది, నోరు మాత్రం లేవలేదు. ఫెనెల్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీరు పొరబడుతున్నారు. ఆ ప్రమాదం పట్టాల మీద కాదు. షెడ్డులో జరిగింది. కాంక్రీటు మీద నిలబడి ఉండగా ఇనుప దూలం జారి కాలి మీద పడింది. విక్టోరియా ఇన్‌స్పెక్టరు వచ్చి షెడ్డు చూసి వెళ్ళాడు. నాకు డెస్ మొత్తం వివరంగా చెప్పాడు."

గాలి ఉన్నట్టుండి ఆగిందనుకునేరు. ఆగలేదు. అలాగే వీస్తోంది. మనుషులే ఆగిపోయారు. పడవ దగ్గరికి వెళ్తున్న పెద్ద మానిక్స్ చేతిలో రేకుతో వెనక్కి తిరిగాడు. "షెడ్డులోనా?"

"ఎందుకలా చూస్తున్నారు?" అన్నాడు ఫెనెల్.

 తెవితా కాలు నలిగింది ఎక్కడో యార్డులో కుక్కకి కూడా తెలుసు. తాడు సడలి బండి పట్టాల మీద వెనక్కి జారింది, దాని చక్రం కింద కాలు పడింది. మాకు తెలియంది యార్డు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరుకి ఏం చెప్పారన్నది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు షెడ్డు ఒక్కటీ చూసి వెళ్ళిపోతే, బురదలోకి దిగితే బూట్లు పాడవుతాయని బద్ధకించాడనుకున్నాం. పాపం, ఆయన్ని చాలా రోజులు తిట్టుకున్నాం కూడా.

వించ్ దగ్గరినుంచి క్లారీ బాబాయ్ గొంతు వినబడింది. "తెవితాని నేనే మోసుకొచ్చాను."

"బాబాయ్, నువ్వు ఊరుకో" అన్నాడు బావ.

"ఎందుకు ఊరుకోవాలి? దొంగతనం చేశానా? పట్టాల మధ్యనుంచి నేనూ, ఈ మానిక్స్ పిల్లలూ ఎత్తుకున్నాం. మోడు దాటించి కాంక్రీటు మీద పడుకోబెట్టాం. అప్పుడు ఫోన్ చేయమని కేకేశాం. మా యార్డులో ఎవరికి దెబ్బ తగిలినా అంతే."

"మోడు దాటించడమేమిటి?" అన్నాడు ఫెనెల్.

"మీకు తెలీదులెండి. మా నాన్న ఈ వించ్ నడిపే రోజుల్లో ఒకతను నీళ్ళ దగ్గర పడ్డాడు. ఆసుపత్రి బండి కోసం ఫోన్ చేస్తే, నది వైపా గట్టు వైపా అని అడిగారు. నది వైపు అంటే అవతలి వాళ్ళు రావాలన్నారు, అవతలి వాళ్ళని అడిగితే ఎచూకా వాళ్ళకి చెప్పమన్నారు. వాళ్ళు తేల్చుకునేలోపు ఇతను పోయాడు. అప్పటినుంచి మాదొకటే పద్ధతి. ముందు మోడు దాటించు, తర్వాత ఫోన్ చెయ్యి. ఇప్పుడు ఆ బాధ లేదు, రెండు వైపుల నుంచీ వస్తారు. అయినా చేతులకి అలవాటైపోయింది."

ఫెనెల్ మోడు మీదనుంచి కాలు తీసేశాడు. "మనిషి ప్రాణం కోసం మోయడం తప్పు కాదు. కానీ మోశామని చెప్పాలి. అసలు చోటుని కదపకుండా ఉంచాలి. ఏ రాష్ట్రంలోనైనా అదే చట్టం."

"అడిగితే చెప్పేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నాడు పెద్ద మానిక్స్.

 వీళ్ళు తెవితాని మోసింది జాలితో. ఆ జాలినే ఎవరో వాడుకున్నారు. మనిషితో పాటు ప్రమాదాన్ని కూడా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి మోయించేశారు. షెడ్డు చూసిన ఇన్‌స్పెక్టరుకి తాడు కనబడలేదు. తాడు చూడాల్సిన ఇన్‌స్పెక్టరుకి కబురే అందలేదు. తెవితా కాలు తిన్న ఆ తాడే ఇవాళ మానిక్స్ అన్నదమ్ముల మీద వేలాడుతోంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పెద్ద పిడికిలి ఎవరిదో నాకు తెలుసనుకున్నాను.

"డెస్" అన్నాడు ఫెనెల్. "మనం కాస్త విడిగా మాట్లాడుకోవాలి."

"పని మొదలయ్యాక మాట్లాడుకుందాం."

"అయితే నేను కార్లో ఉంటాను" అన్నాడాయన. వెళ్ళిపోయాడు. మిగిలిన మీట్‌పై ముక్క మోడు మీదే వదిలేశాడు. నా నోరు మూయించడానికి మా బావ తెచ్చుకున్న కొరివి ఆయన తలే గోకి పోయింది.

నేను ఫోన్ తీశాను. అవతలి రాష్ట్రం ఆఫీసు నంబరు వెతకడానికి కాసేపు పట్టింది. ఎవరో ఎత్తారు, ఇంకెవరికో కలిపారు, చివరికి నజ్జార్ అనే ఇన్‌స్పెక్టరు మాట్లాడింది. అదృష్టం చూడండి, ఆవిడ మోమాలోనే ఉంది, కడుతున్న మేడ ఏదో చూడ్డానికి వచ్చిందట. తాడు సంగతి చెప్పాను. తెవితా సంగతి చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఫోన్ అందరికీ వినబడేలా పెట్టండి" అంది. పెట్టాను.

"నేను ఇన్‌స్పెక్టర్ నజ్జార్‌ని. మీ ప్రతినిధి శిక్షణ అవ్వలేదు కాబట్టి, ఆవిడ పని ఆపమంటే చెల్లదన్నది నిజమే. కానీ ప్రాణభయం ఉన్న పనివాడు ఎవరైనా సరే, ఈ పని నేను చేయను అని తనంతట తను చెప్పొచ్చు. అందుకు శిక్షణ అక్కర్లేదు. అలా చెప్పినందుకు మిమ్మల్ని ఎవరూ తీసేయడానికి వీల్లేదు. నేను వంతెన దాటి వస్తున్నాను. ఈలోగా ఎవరి మాట వాళ్ళే చెప్పుకోండి."

ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవడం అంత తేలికా? నేను ఆపమంటే వాళ్ళకి సులువు, పాపం నా మీదకి పోతుంది. ఇప్పుడు భయం అనే మాట ఎవరి నోటితో వాళ్ళు అనాలి, అదీ యజమాని ఎదురుగా. పెద్ద మానిక్స్ ఫుట్‌బాల్ మైదానంలో ముక్కు విరగ్గొట్టుకుని, దూది కుక్కుకుని మళ్ళీ ఆటలోకి దిగిన రకం. మెడ గోక్కున్నాడు. కింద చూశాడు, పైన చూశాడు.

"డెస్, నాకు భయంగా ఉంది" అన్నాడు. రేకు నేల మీద పెట్టాడు.

"నాకూ" అన్నాడు తమ్ముడు.

నాకు ఏడుపొచ్చింది. ఇదే కదా నేను నిన్నటినుంచీ కోరుకున్నది. తీరా దొరికేసరికి వాళ్ళని చూడలేక మొహం తిప్పుకున్నాను.

బావ ఎవర్నీ తిట్టలేదు. టోపీ తీసి వించ్ షెడ్డు మేకుకి తగిలించాడు. పెద్ద మానిక్స్ పెట్టిన రేకు తను తీసుకున్నాడు.

"నా పడవ కాదు కానీ నా యార్డు, నా బండి, నా తాడు. యజమాని తన బండి కింద తను దూరితే ఆపే అధికారం నీకు ఏ రాష్ట్రంలో ఉందో చెప్పు రో."

"బావా, వద్దు."

"చెప్పు మరి."

 ఆయన పట్టాల వెంట దిగి, వంగి, పడవ కిందకి వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపలినుంచి గరగరమని గీకుడు శబ్దం.

మా అమ్మ పోయినప్పుడు నాకు జడ వేసింది అక్క. బడికి తిండి డబ్బా కట్టింది అక్క. మొగుణ్ణి ఒప్పించి నన్ను ఈ యార్డులో వెల్డింగు పనికి పెట్టించింది అక్క. ఆ అక్క మొగుడు అక్కడ ఉన్నాడు. ఏ చట్టం ఎవరిది అని ఆలోచిస్తూ నేను పైన నిలబడి ఉండగా ఆ తాడు తెగితే, సాయంత్రం ఆ ఇంటి గడప ఎలా తొక్కను? క్లారీ బాబాయ్ "రో, ఆగు, వెర్రిదానా" అని అరుస్తూనే ఉన్నాడు. నేనూ కిందకి దూరాను.

పడవ కింద చీకటి, నాచు వాసన, ఎండిన ఆల్చిప్పల వాసన. నీళ్ళు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. బావ ఒక మోకాలి మీద కూర్చుని గీకుతున్నాడు.

"నువ్వెందుకొచ్చావ్?"

"నువ్వు బయటికి వస్తే నేనూ వస్తాను. అందాకా ఇక్కడే."

"మొండి ఘటం. చిన్నప్పటినుంచీ ఇంతే నువ్వు."

"నీ నోటితో ఆ మాట వినడానికి బాగుంది. బయటికి పద బావా. ఇన్‌స్పెక్టరు వచ్చేస్తుంది. నిజం చెప్పేసెయ్. తెవితా సంగతిలో నువ్వు అబద్ధం చెప్పావని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. తప్పు ఒప్పుకుంటే మెడ తెగదు."

గీకుడు ఆగింది. "ఆ రోజు నేనెక్కడున్నాను?"

"యార్డులో."

"బెండిగోలో. కొత్త పంపు కొనడానికి వెళ్ళాను. నేను వచ్చేసరికి చీకటి పడింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. నా బుర్ర ఇంకా తాడు చుట్టూ తిరుగుతోంది.

"మరి ఆఫీసులో ఎవరు..." అని ఆగిపోయాను.

"ఆఫీసులో ఎవరుంటారు రోజూ?" బావ గొంతు తగ్గింది. "క్లారీ వాళ్ళు తెవితాని మోడు దాటించి పడుకోబెట్టారు. ఆసుపత్రి బండి వచ్చి తీసుకుపోయింది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఫోన్ చేసింది మీ అక్క. షెడ్డులో జరిగిందని చెప్పింది మీ అక్క. నేను వచ్చి పట్టాలు చూస్తే తడిగా ఉన్నాయి. వాన లేదు, నది అంత పైకి రాదు. పట్టాల మీద నెత్తురు ఎవరు కడిగారనుకుంటున్నావ్?"

"అబద్ధం."

"క్లారీని అడుగు. నీళ్ళ గొట్టం చుట్టి పెట్టింది ఆయనే."

"అక్క అలాంటిది కాదు."

"యార్డు మూసేస్తారని భయపడింది. ఇంతమంది బతుకులు ఏమవుతాయని భయపడింది. ఎలాంటిదైనా మీ అక్కే. నాకు తెలిశాక నేను మాత్రం ఏం చేశాను? నోరు మూసుకున్నాను. శిక్షణకి నిన్నెందుకు పంపలేదనుకున్నావ్? అక్కడ నేర్పే మొదటి ప్రశ్నే, ఎక్కడ జరిగింది అని." రేకు కింద పడేశాడు. "ఇప్పుడు నువ్వు పిలిచిన ఆవిడ వచ్చి అదే అడుగుతుంది."

నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో ఇప్పటికీ గుర్తు లేదు. పైనుంచి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. బండి కిందకి ఉలిక్కిపడింది. నా వీపుకి పడవ అడుగు తగిలింది. క్లారీ బాబాయ్ కేక, దాని మీద మానిక్స్ అన్నదమ్ముల కేకలు. బావ నా చొక్కా కాలరు పట్టుకుని, రెండు కాళ్ళూ దూలానికి తన్నిపెట్టి, నన్ను ముందుకి విసిరాడు. నేను మోచేతుల మీద పాకి ఎండలో పడ్డాను. వెనక్కి తిరిగి ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఎవరు ఎవర్ని బయటికి తెచ్చారో అడిగితే ఇద్దరం ఒప్పుకోం.

తాడులో ఒక పేట మొత్తం తెగిపోయింది. మిగిలిన పేటలు మెలికలు విప్పుకుంటూ మూలుగుతున్నాయి. క్లారీ బాబాయ్ ఒంటి బరువంతా బ్రేకు మీద వేసి వేలాడుతున్నాడు. మానిక్స్ అన్నదమ్ములు చక్రాల కింద చెక్క దిమ్మలు కొడుతున్నారు, చేతిలో ఏది దొరికితే దానితో కొడుతున్నారు. బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. నా మోచేతులు మాత్రం చీరుకుపోయాయి.

బావ బురదలో కూలబడ్డాడు. ఆయన మొహంలో రంగు లేదు. "ఇక ఎవరూ కిందకి వెళ్ళొద్దు" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే సరిగ్గా వినబడలేదనుకుంటాను, మళ్ళీ అన్నాడు. "పని ఆపండి. అందరూ పైకి వచ్చేయండి."

ఆ మాట కోసం నిన్నటినుంచీ ఊరంతా ఏకం చేశాను. ఇప్పుడు వినబడుతున్నా నా ధ్యాస అక్క మీదే ఉంది. క్లారీ బాబాయ్ వైపు చూశాను. ఆయన నా మొహం చూడగానే బావ ఏం చెప్పాడో తెలుసుకున్నాడు. తల పక్కకి తిప్పుకున్నాడు. అంతకంటే జవాబు అక్కర్లేదు.

గట్టు మీద కారు తలుపు చప్పుడైంది. పసుపు కోటు వేసుకున్న పొట్టి ఆవిడ వాలు దిగి వస్తోంది. బురదకి తగ్గ బూట్లు వేసుకుంది. ఆవిడకి దారి చూపిస్తూ ముందు నడుస్తున్నది మా అక్క లినెట్. యార్డుకి ఎవరొచ్చినా తనే ఎదురెళ్ళి తీసుకొస్తుంది, మనుషులందరికీ పదింటి టీ తనే తెస్తుంది. ఇవాళా ట్రే తెచ్చింది. నా మోచేతుల నెత్తురు చూసి ట్రే పక్కన పెట్టి, జేబులోంచి రుమాలు తీసి కట్టడం మొదలుపెట్టింది.

"ఏమిటే ఇది? ఎక్కడ దూరావ్?" అంది. చిన్నప్పుడు చెట్టు మీదనుంచి పడి వస్తే అడిగిన గొంతే.

నజ్జార్ తాడు చూసింది, దిమ్మలు చూసింది, మమ్మల్నందర్నీ చూసింది. "ఎవరూ దగ్గరికి రాకుండా ఈ బండి చుట్టూ తాడు కట్టి ఉంచండి. నేను చెప్పేదాకా ఇక్కడ ఏదీ కదపొద్దు" అని మానిక్స్ అన్నదమ్ములకి చెప్పింది. తర్వాత మా దగ్గరికి వచ్చింది.

"దారిలో మెల్‌బోర్న్ ఆఫీసుతో మాట్లాడాను. పోయిన శీతాకాలం ప్రమాదం షెడ్డులో జరిగిందని వాళ్ళకి ఈ యార్డు నుంచే ఫోన్ వచ్చిందట. ఆ ఫోన్ ఎవరు చేశారు?"

"నేనే" అన్నాడు బావ, బురదలోంచి లేస్తూ. "నేనే చేశాను. నేనే చెప్పాను."

అక్క వేళ్ళు నా మోచేతి మీద ఆగాయి.

నజ్జార్ బావ మొహంలోకి చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "రోవీనా, నన్ను పిలిచింది మీరు. ఆయన చెప్పింది నిజమేనా?"

క్లారీ బాబాయ్ బ్రేకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. బావ కళ్ళతోనే నన్ను బతిమాలుతున్నాడు. అక్క మాత్రం ముడి బిగించడం పూర్తి చేసి, మిగిలిన కొస లోపలికి దోపి, నెమ్మదిగా తలెత్తి నన్ను చూసింది.

"చెప్పవే, అడుగుతున్నారుగా" అంది.